పది మార్కులు దాటితే డిప్రెషన్ అనేస్తే ఎలా?

సంపాదకులకు,

కాలేజీల్లో, ఆరోగ్య శిబిరాల్లో పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించి, మార్కులు 10 దాటినవారికి ‘నీకు డిప్రెషన్ ఉంది’ అని చెప్పి పంపడం తప్పు. ఆ కాగితం వడపోతకు మాత్రమే. గత రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు బాధించిందో చూసి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు, మొత్తం గరిష్ఠంగా 27. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత అనే నాలుగు ప్రశ్నలకే 12 రావచ్చు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ మందగించినా, వరుసగా రాత్రి డ్యూటీలు చేసినా ఆ నాలుగూ ఉంటాయి.

నిర్ధారణ దారి వేరు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం పది లక్షణాల్లో కనీసం ఐదు, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలైనా ఉండాలి. అందులో దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో తప్పనిసరి. చదువు, పని ఎంత దెబ్బతిన్నాయో కూడా చూసి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అంటారు. ఇంత తీవ్రత లేకున్నా దిగులు రెండేళ్లకు పైగా వదలకపోతే అది డిస్థైమియా కావచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది పాత చరిత్ర. గతంలో కొన్ని రోజులపాటు నిద్ర తగ్గినా అలసట లేకుండా, మాటలూ ఖర్చులూ హద్దు మీరి, విపరీతమైన హుషారుతో తిరిగారా? దిగులులో ఉన్న మనిషికి అది జబ్బుగా తోచదు, చెప్పడు. అతను ఒప్పుకుంటే ఇంట్లోవాళ్లను అడగాలి. అది బైపోలార్ (దిగులూ, విపరీతమైన హుషారూ దశలుగా వచ్చే జబ్బు) అయితే, ఒక్క డిప్రెషన్ మాత్రలే ఇచ్చినప్పుడు ఉన్మాద దశలోకి వెళ్లే ప్రమాదం ఉంది. మద్యం, స్టెరాయిడ్ మందుల సంగతీ అడగాలి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష, రక్తహీనత కోసం హిమోగ్లోబిన్ చూడాలి.

మరోవైపు, నిజంగా జబ్బున్నవారు తప్పిపోతున్నారు. మనవాళ్లలో చాలామంది దిగులని చెప్పుకోరు. ఒళ్లు నొప్పులు, గుండె దడ, తలబరువు అంటూ ఈసీజీలు, స్కానింగుల చుట్టూ తిరుగుతారు. పరీక్షల్లో ఏమీ తేలనప్పుడు మనసు గురించి, ఆసక్తి గురించి రెండు ప్రశ్నలు అడగడానికి ఏ డాక్టరుకైనా నిమిషం చాలు.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే మేలన్న ఆలోచన గురించి. మొత్తం ఎంతైనా, అక్కడ 1 కనిపించినా ఆ మనిషితో అదే రోజు ఏకాంతంగా మాట్లాడాలి. వారం తర్వాత లెక్కలు కట్టేందుకు కాగితాలు కట్టగట్టి పెట్టడం ప్రాణాపాయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

మాట్లాడేందుకు శిక్షణ పొందిన మనిషి, పంపేందుకు మానసిక వైద్యుడు సిద్ధంగా లేని చోట ఈ కాగితాలు పంచడానికి విద్యాశాఖ అనుమతి ఇవ్వకూడదు. స్కోర్లు తరగతిలో చదవడం, విద్యార్థి ఫైలులో రాయడం వెంటనే ఆపించాలి. మానసిక ఆరోగ్య వివరాల గోప్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా ఇచ్చింది.

– ఒక మానసిక వైద్యురాలు, గుంటూరు