డమ్మీ క్లాసు ఎందుకు ఆగింది, శనివారం నుంచి ఏం మారుతోంది

చైనా యుద్ధవిద్య వింగ్ చున్ నేర్పే మన స్కూలు విద్యార్థులకీ, పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకీ నమస్కారం.

డమ్మీ క్లాసు ఆగిపోయి చాలా రోజులైంది. "ఇదిగో, వచ్చేస్తున్నాయి" అని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నిజానికి కొత్త డమ్మీలు వచ్చాయి. నేనే తిప్పి పంపేశాను. గ్రూపులో తలా ఒక మాట అంటున్నారు కాబట్టి అసలు సంగతి రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్తున్నా, డమ్మీ అంటే నిలువెత్తు చెక్క దుంగ. దానికి మూడు చేతులు, ఒక కాలు. కిటుకంతా బెజ్జాల్లో ఉంది. చేతుల్ని దుంగకి బిగించరు. చదరపు బెజ్జంలోంచి వెనక్కి దూరి, అక్కడ ఒక సీలతో ఆగుతాయి. కాస్త వదులుగా ఉండాలి. మన చెయ్యి తగిలితే అది టకటకా ఆడి మళ్లీ తన చోటికొస్తుంది. మన మోచెయ్యి ఎటు జారిందో, బలం సూటిగా వెళ్లిందో పక్కకి పోయిందో ఆ ఆటే చెప్పేస్తుంది.

ఒక సరఫరాదారు "అసలైన టేకు, బాగా ఆరిన కర్ర" అని అడ్వాన్సు తీసుకున్నాడు. ప్యాకింగ్ విప్పగానే వార్నిష్ మెరుపు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం దించేటప్పుడు బరువు చూసే అనుమానం వచ్చింది. ఆరిన కర్ర అంత బరువుండదు. కొద్ది రోజులకే ఫ్యాను గాలికి బీటలు వారింది. దుంగ మీద సన్నగా గీతల్లాంటి పగుళ్లు రావడం తప్పేమీ కాదు. నిండు దుంగ ఆరేటప్పుడు లోపలికంటే బయటి పొర ముందుగా ఆరి కుంచించుకుపోతుంది, ఎక్కడో ఒకచోట విడవాల్సిందే. కానీ ఇది పై బెజ్జం మూలలో మొదలై కింది బెజ్జం దాకా దిగింది. గోటితో గీకితే లోపల్నుంచి లప్పం రాలింది. అంటే పగులు బండి ఎక్కకముందే ఉంది. దానికి లప్పం పూసి, పైన వార్నిష్ కొట్టి పంపారన్నమాట. ఫోన్ చేస్తే "బెజవాడ ఎండలకి ఏ కర్రయినా పగుల్తుంది సార్" అన్నాడు. లప్పం కూడా ఎండకే పుట్టిందా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

తర్వాత అతనే ఇంకో బేరం పంపాడు. అదే డబ్బుకి ఫైబర్ డమ్మీలు. చేతులు ప్లాస్టిక్ పైపులు, లోపల నట్టూ బోల్టూ. పగలవు, చప్పుడు తక్కువ, గ్యారంటీ కూడా ఇస్తానన్నాడు. ఇక్కడే నేను నలిగిపోయాను. సరేనంటే క్లాసు వెంటనే మొదలవుతుంది. కాదంటే అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాలి. మా ఆవిడ తీసేసుకోమంది. మీలోనూ చాలామంది అదే అన్నారు. "మాస్టర్, కాలం మారింది, ఇంకా చెక్క పట్టుకుని వేలాడితే ఎలా" అని ఒకరు మెసేజ్ పెట్టారు. అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మారకూడదని నేనెప్పుడన్నాను? చైనాలో, ఫోషాన్‌లో, డమ్మీని నేలలో పాతేవారు. వింగ్ చున్ గురువు ఇప్ మాన్ 1950 ప్రాంతంలో హాంకాంగ్ చేరి హోటల్ కార్మికుల సంఘంలో పాఠాలు మొదలుపెట్టారు. ఆ ఊళ్లో ఉన్నవి మేడలూ ఇరుకు గదులూ. గచ్చు తవ్వి దుంగ పాతుకుంటానంటే ఏ ఇంటి ఓనరు ఒప్పుకుంటాడు? అందుకని దుంగకి పైనా కిందా అడ్డపట్టీలు దూర్చి ఫ్రేముకి ఎక్కించారు. ఆ పట్టీలు కొంచెం వంగి మళ్లీ లేస్తాయి కాబట్టి, పాతిన దుంగకి లేని స్ప్రింగు దీనికి వచ్చింది. ఇవాళ లోకమంతా సంప్రదాయం అంటున్నది ఆ ఫ్రేము డమ్మీనే. మనమూ రెండో అంతస్తులో అద్దెకున్నాం, కింద ట్యూషన్ నడుస్తోంది, చప్పుడు గురించి వాళ్లు ఇప్పటికే పైకొచ్చి వెళ్లారు. అందుకే ఈసారి ఫ్రేముని గోడకి కొట్టించకుండా రబ్బరు దిమ్మెల మీద విడిగా నిలబెట్టిస్తున్నాను. మా గురువుగారు చూస్తే ఏమంటారోనన్న బెంగ నాకేమీ లేదు.

బోల్టు బిగించిన చెయ్యి సంగతి వేరు. మీరు సరిగ్గా కొట్టినా తప్పుగా కొట్టినా అది కదలదు, మణికట్టు మాత్రం వాస్తుంది. ఫైబర్‌లోనే చేతులు ఆడేలా చేసి తెస్తే రేపే కొంటాను. చెక్క మీద నాకు భక్తేం లేదు. (ఉందేమో, కొంచెం.) మొత్తానికి వద్దన్నాను. అడ్వాన్సు ఇంకా రాలేదు, వచ్చేలా కూడా లేదు.

ఇప్పుడా పని దగ్గరి పల్లెలో ఎడ్లబండి చక్రాలు చేసే పెద్దాయనకి అప్పజెప్పాను. చక్రం మధ్య దిమ్మెకి చుట్టూ బెజ్జాలు తొలిచి ఆకులు దించడం ఆయన చిన్నప్పటి నుంచి చేస్తున్న పని. ట్రాక్టర్లు వచ్చాక గిరాకీ పోయింది. నేను గీసిన కాగితం విప్పకముందే "దుంగ కోసి ఎన్నాళ్లయింది బాబూ?" అని అడిగాడు. మొదటి సరఫరాదారు నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. దుంగ వేప, చేతులు తుమ్మ చేవ. అంతా కుదిరింది గానీ, "బిగువొద్దు, ఆడాలి" అంటే మాత్రం ఆయనకి మనసొప్పలేదు. "వదులుగా చేస్తే నా పేరు పోతుంది" అన్నాడు. చివరికి ఎదురుగా కూర్చుని తొలిపించుకున్నాను. దసరా తర్వాత మొదటిది వస్తుంది.

ఇక శనివారం సంగతి. 2017లో చెంగ్డూలో ఎంఎంఏ (రకరకాల యుద్ధవిద్యలు కలిపిన పోటీ) ఫైటర్ షు షియావ్‌డాంగ్, వెయ్ లెయ్ అనే తై చీ (మరో చైనా యుద్ధవిద్య) మాస్టర్ని అర నిమిషంలోపే కింద పడేసిన వీడియో మీ పిల్లలు నాకు చూపిస్తూనే ఉన్నారు. అది చూసి చైనా విద్యలన్నీ డ్యాన్సులే అనేవాళ్లతో నేను వాదించను. కానీ ఎదుటివాడు నిజంగా తిరిగి కొడితే ఎలా ఉంటుందో తెలియకుండా ఏళ్లకేళ్లు ఫామ్‌లే (ఒంటరిగా చేసే కదలికల వరుసలు) చేయించడం నాకూ ఇష్టం లేదు. ఈ శనివారం సాయంత్రం నుంచి గ్లౌజులు వేసుకుని స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన, ఉంటుంది. ఇది గురుపరంపరకి మచ్చ అని పాత విద్యార్థి ఒకరు రాశారు. ఆయనకి చి సావ్ (ఇద్దరు చేతులు ఆనించి చేసే సాధన) నేర్పింది నేనే, అందుకే బాధేసింది. 1950లలో హాంకాంగ్ మేడల మీద వింగ్ చున్ కుర్రాళ్లు వేరే స్కూళ్లవాళ్లతో గ్లౌజులు కూడా లేకుండా తలపడేవారు. ఇప్ మాన్ శిష్యుడు వాంగ్ షున్ లియుంగ్‌కి పేరొచ్చింది అలాంటి పోటీల్లోనే. మనం కొత్తగా చేరుస్తున్నది గ్లౌజులూ హెడ్ గార్డులూ, అంతే.

వింగ్ చున్ మొదటి ఫామ్ సియు నిమ్ తావ్‌తో మొదలవడం, చి సావ్ వేళలు ఏవీ మారవు. రంగు బెల్టులు జపాన్ జూడో నుంచి వచ్చినవి, వింగ్ చున్‌లో పూర్వం లేవు. అయినా మన దగ్గర ఉంటాయి. పిల్లలకి ఇష్టం. ఈ విషయంలో నా సంప్రదాయం గురించి ఎవరూ అడగొద్దు.

డమ్మీ క్లాసుకి కట్టిన ఫీజు వచ్చే నెలల్లో సర్దేస్తాను. వెనక్కే కావాలంటే మొహమాటపడకుండా అడగండి, ఇచ్చేస్తాను. స్పారింగ్ ఇష్టమైనవాళ్లకే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఇంట్లోవాళ్ల సంతకం కావాలి, వాళ్లకి ముఖం మీద దెబ్బలు ఉండవు. గ్లౌజులు, హెడ్ గార్డులు ఇక్కడే ఉన్నాయి. మౌత్ గార్డు మాత్రం ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి. గోళ్లు తీసుకుని రండి.