అమ్మడికి, హెడ్‌లైటు సంగతి

అమ్మడూ,

ఇక్కడ అందరం కులాసా. మీ అన్నయ్య పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరేస్తున్నారు, మీ అమ్మకి వాళ్ళతోనే పొద్దు సరిపోతోంది. రాత్రి ఫోన్లో నువ్వు చెప్పినదానికి ఆ గోలలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "డ్రైవరు వైపు డిమ్ పోయింది నాన్నా, పర్లేదు, బ్రైట్ వేస్తే రెండూ వెలుగుతున్నాయి, అలాగే కాకినాడ వెళ్ళొస్తున్నా" అన్నావు. పైగా ఎవరో కుర్రాళ్ళు తెల్లగా కొట్టే ఎల్‌ఈడీలు వేయించుకోమన్నారని కూడా అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివాక డాష్‌బోర్డులో పడెయ్, మళ్ళీ పనికొస్తుంది.

బ్రైట్ వెలుగుతోంది కదా అని ఊరుకోవద్దు. మన నర్సరీ లోడు బండిలో ఉండేది హెచ్4 బల్బు. ఒకే గాజులో రెండు తీగలుంటాయి, డిమ్‌కి 55 వాట్లది, బ్రైట్‌కి 60 వాట్లది. మనం ఎక్కువగా డిమ్ మీదే నడుపుతాం కాబట్టి మామూలుగా ఆ తీగే ముందు తెగిపోతుంది. నీ బండికి జరిగింది అదే అయ్యుంటుంది. దీని అర్థం ఏమిటంటే, ఎదర బండి వచ్చినప్పుడు నీకు రెండే దార్లు. డిమ్ చేస్తే కుడివైపు చీకటి. ఒక్క లైటే కనబడేసరికి ఎదుటివాడు మోటారు సైకిలు అనుకుని దగ్గరగా వచ్చేస్తాడు. చీకటిగా ఉన్నది సరిగ్గా వాడి వైపే. డిమ్ చెయ్యకుండా బ్రైట్ మీదే వెళ్తే వాడి కళ్ళు పోతాయి. కాకినాడ వెళ్ళే కెనాల్ రోడ్డు మీద రెండూ ప్రమాదమే.

ఆ రోడ్డు సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాక మన డెల్టా కాలువల్లో పడవలు తిరిగేవి, గట్ల మీద మనుషులు తాడు పట్టుకుని వాటిని లాగేవారు. ఇవాళ ఆ గట్ల పక్కనే లారీలు నడుస్తున్నాయి. కడియం దాటాక ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. కళ్ళు బైర్లు కమ్మినవాడు పక్కకి తప్పుకుందామన్నా చోటుండదు. ఇది డిసెంబరు కూడా. కోతలైపోయి ధాన్యం ట్రాక్టర్లు వెనకాల లైటు లేకుండా పోతుంటాయి. రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు. ద్వారపూడి గుడికి నడిచివెళ్ళే అయ్యప్ప స్వాములు తెల్లవారుజామున నల్లబట్టల్లో రోడ్డు పక్కనే ఉంటారు. నల్లబట్ట లైటుని తాగేస్తుంది, మీదకి వెళ్ళేదాకా మనిషి కనబడడు. నువ్వు మొక్కల లోడుతో బయల్దేరేది సరిగ్గా ఆ టైముకే.

ఎదుటివాడి కళ్ళ గురించి ఇంతలా ఎందుకు చెబుతున్నానంటే, శుక్లాలు మొదలయ్యాక నాకు ఎదుటి బండి లైటు చిచ్చుబుడ్డిలా విచ్చుకుంటోంది. ఆ వెలుగు పోయాక కూడా కాసేపు ఏమీ కనబడదు. నేను రాత్రిపూట స్టీరింగ్ పట్టడం మానేసింది అందుకే. నీకెదురొచ్చే లారీల్లో నా వయసు డ్రైవర్లు ఎంతమంది ఉంటారో!

ఇక ఆ ఎల్‌ఈడీ మాట. వద్దు. ఖర్చుకి కాదమ్మా. హెచ్4 బల్బులో డిమ్ తీగ కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది, పాత బల్బు చేతిలోకి వచ్చాక వెలుతురులో పెట్టి చూడు. తీగ నుంచి కిందికి పోయే వెలుగుని ఆ దొన్నె ఆపేస్తుంది. ఆపకపోతే అది హెడ్‌లైటు లోపల బల్బు చుట్టూ ఉండే అద్దం కింది సగానికి తగిలి పైకి లేచి ఎదుటివాడి మొహాన పడుతుంది. ఆ అద్దం వంపంతా ఆ తీగ ఉండే చోటుని బట్టి చేసింది. తీగ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగినా వెలుగు చెదిరిపోతుంది. హాలోజన్ అద్దంలో ఈ అమర్చుకునే ఎల్‌ఈడీలు వేస్తే వాటి చిప్పులు సరిగ్గా ఆ చోట ఉండవు. నీకేమో బండి ముందంతా తెల్లగా కనబడి బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది, దూరాన మాత్రం పెద్దగా ఏమీ కనబడదు, ఎదుటివాడు తిట్టుకుంటాడు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చే బండ్ల సంగతి వేరు, వాటి అద్దాలే వేరు. 

100 వాట్ల బల్బులు అంటగడతారు కొందరు, అవీ వద్దు. లెక్క చూడు: 55 వాట్లని 12 వోల్టులతో భాగిస్తే నాలుగున్నర యాంపియర్లు, 100 వాట్లయితే ఎనిమిది దాటుతుంది. మన వైరు, స్విచ్చి, హోల్డరు మొదటిదానికి చేసినవి. రెండోది వేస్తే హోల్డరు కరిగి వాసనొస్తుంది, తర్వాత ఖర్చు బల్బుతో ఆగదు.

షాపులో "12 వోల్టులు, 60/55 వాట్లు, హెచ్4" అని అడుగు. ఫిలిప్స్, ఓస్రామ్ లాంటి పేరున్న కంపెనీవి రెండు తీసుకో. రెండెందుకంటే, ఎడమవైపుది కూడా అదే వయసుది, ఇవాళో రేపో పోతుంది. బాగున్న ఆ పాతదాన్ని కొత్తదాని డబ్బాలో పెట్టి సీటు కింద ఉంచితే దారిలో అక్కరకొస్తుంది.

కొనేముందు ఒక పరీక్ష. కుడి బల్బు ఎడమకి, ఎడమది కుడికి మార్చి చూడు. చీకటి ఎడమకి వెళితే తప్పు బల్బుదే. కుడివైపే ఉండిపోతే ఫ్యూజో, హోల్డరో, బాడీకి కట్టిన ఎర్తు వైరో అయ్యుంటుంది. ఒకేసారి రెండు వైపులా డిమ్ పోతే మాత్రం బల్బుల జోలికి వెళ్ళకు, ముందు ఫ్యూజులూ, లైట్లకి కరెంటు కలిపే రిలే చూడు.

మార్చడం పెద్ద విద్యేం కాదు, నీళ్ళ మోటారుకి ఫుట్‌వాల్వు బిగించిన దానివి నువ్వు. లైట్లు ఆపి, తాళం తీసేసి, బానెట్ ఎత్తి కాసేపు చల్లారనీ. వెలుగుతున్నప్పుడు ఆ గాజు 250 డిగ్రీలు దాటి కాగుతుంది, కాగితేనే లోపలి హాలోజన్ పని చేసేది. డ్రైవరు వైపు బ్యాటరీ అడ్డమొచ్చి చెయ్యి పట్టదు. బ్యాటరీ పక్కకి జరపాలంటే 10 నంబరు స్పానరుతో నెగటివ్ టెర్మినల్ ముందు విప్పు, బిగించేటప్పుడు అదే ఆఖర్న. తిరగేసి చేస్తే స్పానరు బాడీకి తగిలినప్పుడు నిప్పులు రాలతాయి.

బల్బు వెనకాల మూడు కాళ్ళ కప్లరు ఉంటుంది. వైర్లు పట్టుకుని లాగకు, కప్లరునే పట్టుకుని అటూ ఇటూ కొంచెం కదిపి తిన్నగా వెనక్కి లాగు. బిగుసుకుపోయి ఉంటుంది, ఓపిక పట్టు. తర్వాత నల్ల రబ్బరు బూటు, దాన్ని అంచు దగ్గర పట్టుకుని ఒలుచు. లోపల సన్నటి స్ప్రింగు క్లిప్పు కనబడుతుంది. దాన్ని లోపలికి నొక్కి పక్కకి తప్పిస్తే ఊడుతుంది, బల్బు చేతిలోకి వచ్చేస్తుంది. కంటికి కనబడదు కాబట్టి ముందు ఎడమవైపు, చోటున్న దగ్గర విప్పి చూసుకో. ఆ క్లిప్పు ఎటు కదులుతుందో వేళ్ళకి అలవాటయ్యాక కుడివైపు చూడకుండానే చెయ్యొచ్చు.

కొత్త బల్బుని కింది రేకు దగ్గరే పట్టుకో. గాజుకి వేలు తగలకూడదు. నర్సరీలో పొద్దంతా మట్టి, ఎరువు, మందు పిసికిన చేతులు మనవి. ఆ జిడ్డూ చెమటలోని ఉప్పూ గాజుకి అంటుకుంటే, వేడెక్కినప్పుడు అంటిన చోట గాజు దెబ్బతిని బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే శుభ్రమైన గుడ్డ మీద స్పిరిట్ వేసి తుడిచి, ఆరాక పెట్టు. బల్బు రేకుకి మూడు రెక్కలుంటాయి, వాటిలో వెడల్పుది పైకి రావాలి. సరిగ్గా కూర్చుంటే కదలదు. కదిలిందంటే క్లిప్పు వెయ్యకు, తీసి మళ్ళీ కూర్చోబెట్టు.

రబ్బరు బూటు మాత్రం బద్ధకించకుండా చుట్టూ వేలితో నొక్కుకుంటూ రా. మన వైపు గాల్లో ఎప్పుడూ చెమ్మే, పైగా నువ్వు మొక్కలకి నీళ్ళు కొట్టే పైపుతోనే బండీ కడుగుతావు. బూటు వదులుగా ఉంటే హెడ్‌లైటు లోపల నీటి చుక్కలు పడతాయి, లోపలి అద్దం పూత పోతుంది, ఆ తర్వాత ఎన్ని బల్బులు మార్చినా వెలుగు రాదు. కప్లరు తిరిగి పెట్టేముందు దాని కాళ్ళు చూడు. పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకు. ప్లాస్టిక్ గోధుమరంగులోకి మాడి ఉంటే కొత్త హోల్డరు వేయించు, పింగాణీది దొరుకుతుంది. అది ఎలక్ట్రీషియన్ దగ్గరే చేయించు, నువ్వు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టొద్దు.

బల్బు వేశాక చాలామంది అక్కడితో ఆపేస్తారు. నాకు కోపమొచ్చేది అక్కడే. వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకోకపోతే కొత్త బల్బు వేసీ ఉపయోగం లేదు. మన షెడ్డు ముందు సిమెంటు నేల సమంగా ఉంటుంది కదా, చీకటి పడ్డాక బండిని గోడకి అయిదు మీటర్ల దూరంలో తిన్నగా పెట్టు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. నేల నుంచి బల్బు మధ్యకి ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో గీత గియ్యి. దానికి అయిదు సెంటీమీటర్లు కింద ఇంకో గీత. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ కింది గీత దగ్గర ఉండాలి. ఎడమవైపు అంచు ఏటవాలుగా పైకి లేస్తుంది, అది తప్పు కాదు. మనం ఎడమన నడుస్తాం కాబట్టి రోడ్డు పక్కన నడిచేవాళ్ళు కనబడాలని అలా చేశారు. ఎక్కువ తక్కువైతే హెడ్‌లైటు వెనకాల స్క్రూలుంటాయి, కొంచెం కొంచెం తిప్పి చూసుకో.

ఇదంతా ఖాళీ బండితో చేస్తే లాభం లేదు. ఎర్రమట్టి కవర్లతో లోడు వేశాక వెనక కుంగి ముక్కు లేస్తుంది, డిమ్ కాస్తా బ్రైట్ అయి కూర్చుంటుంది. రాత్రి నువ్వు నడిపేదంతా లోడుతోనే కాబట్టి లోడు మీదే సరిచెయ్యి. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండికి వెలుగు కొంచెం దగ్గరగా పడుతుంది. అప్పటికి తెల్లారిపోతుంది, ఇబ్బంది లేదు. డాష్‌బోర్డులో సున్నా నుంచి మూడు దాకా తిప్పే బిళ్ళ ఉన్న బండైతే ఈ తిప్పలుండవు, లోడెక్కగానే నంబరు పెంచితే వెలుగు దిగుతుంది. మనదానికి లేదు.

మంచు పడితే డిమ్ మీదే వెళ్ళు. బ్రైట్ వేస్తే వెలుగంతా మంచు మీద పడి మన మొహానికే తిరిగొస్తుంది. హెడ్‌లైటు మీది ప్లాస్టిక్ ఎండకి పసుపెక్కి ఉంటే తడిపి రుద్దే సన్నటి ఉప్పుకాగితం, అదే వాటర్ పేపరుతో రుద్ది పాలిష్ చేయించు. టూత్‌పేస్టు రాస్తే మెరుస్తుంది కానీ నెల తిరక్కుండా మళ్ళీ మామూలే. చేల మీంచి వచ్చే పురుగులు హెడ్‌లైటుకి అంటుకుని ఎండిపోతాయి, బయల్దేరేముందు తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మీ అమ్మ "ఆడపిల్లని రాత్రిళ్ళు బండి మీద పంపిస్తారా" అని మళ్ళీ మొదలెట్టింది. నేను కదిలించలేదు. నువ్వు నడపగలవని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఇంకొకటి మర్చిపోయేవాణ్ణి. అరెకా పామ్ మొక్కల లోడు కట్టించినప్పుడు ఆకులు వెనక తలుపు మీంచి కిందికి వేలాడి టెయిల్ లైట్లని మూసేస్తాయి. తాడు బిగించాక దిగి వెనకాల నిలబడి చూడు, కనబడకపోతే గోనెపట్టా లోపలికి మడిపించు. బ్రేకు లైటు చూడ్డానికి షెడ్డులో కుర్రాణ్ణి నిలబెట్టుకో. బల్బులు మార్చేదాకా కాకినాడ లోడు పొద్దెక్కాక బయల్దేరదియ్యి, కొనేవాళ్ళతో నేను ఫోన్లో మాట్లాడతాను.

ఉంటాను,
మీ నాన్న