తిరిగి వచ్చిన సభ్యుడు కొత్తవాడు కాడు

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు కార్యదర్శి గారికి నమస్కారం.

నా పాత సభ్యత్వ కార్డు ఎదురుగా బల్లమీద ఉంది. అంచులు నలిగాయి, ఫోటో మీద వాన మరక. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో మా కొబ్బరి చెట్లను నేలకూల్చింది. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, అందాక ఇల్లు గడవాలి కదా. చెన్నై వెళ్లాను. రుసుము కట్టలేకపోయాను.

మొన్న తిరిగి వచ్చి అడిగితే ప్రవేశ రుసుము, దానిపైన ఆగిన ఏళ్ల బకాయి, రెండూ కట్టమన్నారు. కొత్తవాడినైతే బకాయి ఎందుకు? పాతవాడినైతే ప్రవేశ రుసుము ఎందుకు?

శ్రీకాకుళం జిల్లాకు వలస కొత్త కాదు. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళ్తారు. ఊరు విడిచినవాళ్లు జట్టును విడిచినట్టు కాదు. రాత్రి పని ముగిశాక తమ్ముడికి ఫోను చేసి, ముందు గోల్స్ లెక్కే అడిగేవాణ్ణి.

బంతులకు, గోల్ వలలకు ఖర్చవుతుందని తెలుసు. కానీ సభ్యుడంటే రుసుము ఒక్కటే కాదు. జర్మనీలో క్లబ్బుల పెత్తనం సభ్యుల చేతుల్లోనే ఉండాలని 1998లో 50+1 నియమం తెచ్చారు, అంటే సగం కంటే ఒక ఓటైనా ఎక్కువ సభ్యుల క్లబ్బుకే ఉండాలి. అక్కడ సభ్యుడంటే యజమాని. ఇక్కడ కనీసం మనవాడనుకోండి.

ఈ ఏడాది రుసుము తీసుకుని, నా పాత నంబరే నాకు ఇవ్వండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక పాత సభ్యుడు