విమానాలు నడిపిన ఆముదానికి మద్దతు ధర ఏదీ?

సంపాదకులు గారికి,

మొదటి ప్రపంచ యుద్ధ విమానాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. ఒక్క మాట మాత్రం సరికాదు. అప్పటి పైలట్లు పెట్రోల్లో ఆముదం కలిపి ట్యాంకులో పోసేవారని రాశారు. పాత స్కూటర్లలో ఆయిల్ కలిపినట్టే అనుకున్నారేమో! నిజానికి పెట్రోలుకు ఒక ట్యాంకు, ఇంజన్‌కు కందెనగా వాడే ఆముదానికి వేరే ట్యాంకు ఉండేవి. అసలు ఆముదాన్ని ఎంచుకున్నదే అది పెట్రోల్లో తేలిగ్గా కలవదని.

అప్పటి విమానాల్లో చాలావాటికి ఉన్న రోటరీ ఇంజన్ల తీరే వేరు. ఫ్రాన్సులో పుట్టిన నోమ్, ల రోన్, క్లెర్జే ఇంజన్లలో క్రాంక్ షాఫ్టును, అంటే ఇంజన్ నడిమి ఇరుసును, విమానానికి బిగించేస్తారు. అది కదలదు. సిలిండర్లే ప్రొపెల్లరుతో పాటు నిమిషానికి 1,200 చుట్లు, ఆ పైన తిరుగుతాయి. పెట్రోలు, గాలి ఆ బోలు షాఫ్టు గుండా దాని చుట్టూ ఉండే పెట్టెలోకి (క్రాంక్ కేసు) వచ్చి, అక్కణ్ణుంచి సిలిండర్లకు వెళ్తాయి. బేరింగులకు నూనె అందాల్సిందీ అక్కడే. ముడి చమురు నుంచి తీసే మామూలు మినరల్ ఆయిల్ వాడితే పెట్రోలు దాన్ని పల్చన చేసేస్తుంది, బేరింగులు పట్టేస్తాయి. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానికి ఒక హైడ్రాక్సిల్ సమూహం (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉంది. అందుకే ఆముదం ఆల్కహాల్లో కరుగుతుంది గానీ పెట్రోల్లో అంతగా కరగదు. వేడికి కూడా బాగా తట్టుకుంటుంది.

అయితే ఖర్చు మాత్రం విపరీతం. సిలిండర్లు తిరిగే ఊపుకు నూనె బయటి అంచులకు చిమ్ముకుపోతుంది, మళ్ళీ ట్యాంకుకు చేరే దారి లేదు. వాడిందంతా పొగతో పాటు బయటికే. పైలట్ల ముఖాలు, కళ్ళద్దాలు జిడ్డోడేవి. సాప్‌విత్ కామెల్ లాంటి విమానాల్లో పైలట్ ముందు ఒక గాజు బుడ్డి ఉండేది. అందులో నూనె పైకీ కిందికీ ఆడుతుంటే పంపు పనిచేస్తున్నట్టు. ఆగిందంటే దిగడానికి చోటు వెతుక్కోవాల్సిందే.

దాంతో ఆముదం యుద్ధ సామగ్రి అయిపోయింది. సముద్ర దిగ్బంధంతో జర్మనీకి అది అందకుండా పోయింది. అమెరికా యుద్ధంలోకి దిగాక మన దేశం నుంచి ఓడలో ఆముదం గింజలు తెప్పించుకుని, ఫ్లోరిడా, టెక్సాస్ వైపు రైతులతో ముందుగానే ధర ఒప్పుకుని సాగు చేయించింది. 1918లో ఫ్లోరిడా గెలల మీద బూజు తెగులు పడి పంట బాగా దెబ్బతింది. అదే తెగులు ఇప్పటికీ మన పాలమూరు, నల్గొండ రైతుల్ని ముసురు పట్టినప్పుడల్లా ఏడిపిస్తోంది.

నా గోడు ఇక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వం వందేళ్ళ క్రితమే ధర చెప్పి విత్తించింది. మన కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఆముదం ఇవాళ్టికీ లేదు. వంటనూనెల మిషన్‌లో దానికి చోటుండదు, తినే నూనె కాదు కదా! ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండించేది మన దేశమే, అందులో సింహభాగం గుజరాత్‌ది. ధర కూడా అక్కడి మార్కెట్లే తేలుస్తాయి. నీటి వసతి ఉన్న వాళ్ళు ఆ హెచ్చుతగ్గులు తట్టుకుంటారు. చెలక భూముల్లో వాన మీద ఆధారపడి వేసే మన రైతుకు ఆ ఓపిక ఎక్కడిది? చాలామంది పత్తికి మారిపోయారు.

రోటరీ ఇంజన్లతో ఆముదం కథ ముగిసిందనుకుంటే పొరపాటే. జెట్ ఇంజన్లకు తొలి తరం సింథటిక్ ఆయిళ్ళు చేయడానికి వాడిన సెబాసిక్ ఆమ్లం ఆముదం నుంచి వచ్చేదే. మనం నూనెను చైనాకు అమ్ముతాం, వాళ్ళు దాన్నుంచి ఆ ఆమ్లం తీసి ప్రపంచానికి అమ్ముకుంటారు. మన చేతిలో ఏమీ లేదా అంటే రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. పాలెం పరిశోధన స్థానం క్రాంతి, హరిత లాంటి రకాలు ఇచ్చింది. విత్తనం ఉంది, కొనేవాడి హామీ లేదు.

కాబట్టి ఆముదాన్ని మద్దతు ధర జాబితాలో చేర్చాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి. అప్పటిదాకా రాష్ట్ర ప్రభుత్వం పాలమూరు, నల్గొండ జిల్లాల్లో మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు కేంద్రాలు తెరవాలి. ఆ ధర ఎంతో వానాకాలం విత్తనాలకు ముందే చెప్పాలి, గింజలు ఇంటికొచ్చాక కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కల్వకుర్తి