పేగు క్యాన్సర్ పేషెంటు పిల్లల్ని కూడా చూడండి, మంత్రిగారూ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్‌కీ కీమోకీ సాయం అందుతోంది, సంతోషం. నేను రాసేది పేషెంటు గురించి కాదు, వార్డు బయట క్యారేజీ పట్టుకుని కూర్చున్న అతని పిల్లల గురించి.

కణాలు అదుపు తప్పకుండా చూసే జన్యువులు మన ఒంట్లో కొన్ని ఉన్నాయి, వాటినే ట్యూమర్ సప్రెసర్ జీన్స్ అంటారు. పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది కాబట్టి అక్కడ కణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి. వాటిని విభజించమని తొందరపెట్టే బీటా కెటెనిన్ అనే ప్రొటీన్ పోగుపడకుండా ఏపీసీ అనే జన్యువు చూస్తుంది. దాని రెండు కాపీలూ చెడితే పేగు లోపల పాలిప్ అనే చిన్న బుడిపె మొలుస్తుంది. అది క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్లయినా పడుతుంది. ఈలోగా ఎస్‌మ్యాడ్4 అనే ఇంకో జన్యువు పోతే పెరగడం ఆపమని బయటి నుంచి వచ్చే సంకేతం కణానికి అందదు, పీ53 అనే జన్యువు పోతే డీఎన్‌ఏ దెబ్బతిన్న కణం కూడా చావకుండా బతికేస్తుంది, అలాంటివే చివరికి పేగు గోడ దాటి లివర్‌కు చేరతాయి. ఇలా ఒక్కో జన్యువూ చెడుతూ పాలిప్ క్యాన్సర్ అవుతుందని ఫియరన్, వోగెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1990లోనే రాశారు. అంత టైమున్నా మనవాళ్లు రక్తం పడితే మొలలనుకుని పసరు మందులు వాడి, ఆఖరి దశలో వస్తారు.

కొందరికి పుట్టుకతోనే ఒక కాపీ చెడి ఉంటుంది. ఏపీసీలో అయితే ఎఫ్‌ఏపీ అనే జబ్బు: టీనేజీలోనే వందల పాలిప్స్, పేగు తీయకపోతే యాభై లోపు దాదాపు అందరికీ క్యాన్సర్. డీఎన్‌ఏలో అచ్చుతప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లాంటి జన్యువులు చెడితే లించ్ సిండ్రోమ్, అదీ పేగు క్యాన్సర్ ముప్పు పెంచేదే. రెండింటిలోనూ ఆ లోపం ప్రతి బిడ్డకూ రావడానికి 50 శాతం అవకాశం. మా వంశంలోనే ఉంది, మా ఖర్మ అంటారు ఇళ్లల్లో.

ఊళ్లో అందరికీ కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయమని అడగట్లేదు, మన దగ్గర ఈ క్యాన్సర్ పడమటి దేశాలంత లేదు. యాభై లోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లకు జీన్ టెస్టు ఉచితంగా చేయించండి. లోపం తేలితే పిల్లలకూ తోబుట్టువులకూ ఆ ఒక్క లోపం కోసమే చూస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. ఉన్నవాళ్లకు కొలనోస్కోపీ, ఎఫ్‌ఏపీ అయితే పది పన్నెండేళ్ల నుంచే, లించ్ అయితే ఇరవై, ఇరవై అయిదు నుంచి. ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలు, పరిశోధనలు చేసే సీడీఎఫ్‌డీ ఉంది, నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగమే ఉంది, ఈ పని తెలిసినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు.

ఇంకోటి. రిపోర్టు చేతిలో పెట్టి పంపేయకుండా తెలుగులో కూర్చోబెట్టి చెప్పే కౌన్సెలర్లను వేయండి, ఆ విషయం బయటికి పొక్కకుండా చూడండి. సంబంధాలు తప్పిపోతాయన్న టెన్షన్‌తో ఆడపిల్లల తల్లిదండ్రులు టెస్టుకే రారు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఓటరు