మ్యాగజైన్ ఆలస్యం, ల్యాబ్ కంప్యూటర్లు, మీ ఇంటి పెన్ డ్రైవ్‌లు

తల్లిదండ్రులకు నమస్కారం.

స్కూలు మ్యాగజైన్ ఇంకా రాలేదేమని బస్ స్టాప్‌లో మొదలైన మాట, వాట్సాప్ గ్రూపుకు చేరేసరికి "స్కూలుకు సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదట"గా మారింది. కనుక జరిగింది నేనే రాస్తున్నాను. ఒక ఇంటి నుంచి వచ్చిన పెన్ డ్రైవ్‌లో దొంగ కాపీ ఫోటోషాప్ ఉంది, దాని వెంట వైరస్ ఉంది. ల్యాబ్‌లో పదకొండు కంప్యూటర్లు మూలనపడ్డాయి, మ్యాగజైన్‌లో ఇరవై పేజీలు పోయాయి. ఎవరి పెన్ డ్రైవో నాకు తెలుసు, చెప్పను. "నాన్నగారే వేసిచ్చారు మేడం" అన్న పిల్లవాడిని ఏమనగలను?



"అసలు కాపీయే కొనవచ్చు కదా" అని కొందరు అడిగారు. 2013 నుంచి అడోబీ కంపెనీ ఫోటోషాప్ కొత్త వెర్షన్లను అమ్మడం లేదు, అద్దెకే ఇస్తోంది. అద్దె ఆగిన రోజున పని కూడా ఆగుతుంది. ఇరవై నాలుగు కంప్యూటర్లకు ఏటా అద్దె కట్టే డబ్బు ఉంటే నేను ముందు లైబ్రరీ పైకప్పు బాగు చేయిస్తాను. అందుకే బొమ్మలకు క్రిటా, ఫోటోలకు గింప్, లోగోలకు ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్ పెట్టాం. అన్నీ ఉచితం, ఎన్ని కాపీలు తీసి ఎవరికి పంచినా చట్టబద్ధం. అఫినిటీ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా 2025 అక్టోబరు నుంచి ఉచితమే. కానీ అది ఒక కంపెనీ సొత్తు, రేపు మనసు మార్చుకోవచ్చు. "ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది" అన్న తండ్రిగారికి ఒక్క మాట: 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమాను తీసింది బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో. అదీ ఊరికే వచ్చేదే.

నా అసలు పట్టుదల తెలుగు అక్షరం మీద. మన డీటీపీ సెంటర్లలో ఇంకా నడుస్తున్న, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ చివరి వెర్షన్ 2001 నాటిది. అందులో పాతకాలపు ఫాంట్లతో కొట్టించిన మన 2009 మ్యాగజైన్‌ను ఈ మధ్య తెరిస్తే పిల్లల కవితల స్థానంలో పిచ్చి గీతలు కనిపించాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అది తెలుగే కాదు. ఒక తరం పిల్లల రాతలు సీడీలోనే ఉండి కూడా మనకు లేకుండా పోయాయి! ఏ కంప్యూటరైనా, ఏ తెలుగు ఫాంటుతోనైనా చదవగలిగే యూనికోడ్‌ పద్ధతిలో కొడితే ఈ బాధ లేదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన ఫాంట్ల జాబితాలో పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లు చూసి ఆరో తరగతి పిల్లలు "వీళ్ళెవరండీ" అని అడిగారు. తెలుగు మాస్టారు ఆ పీరియడంతా అష్టదిగ్గజాలకే ఇచ్చేశారు. కంప్యూటర్ పాఠం పోయినందుకు నాకేమీ బెంగ లేదు.

పోయిన పేజీలను పిల్లలే మళ్ళీ కట్టారు. ముఖచిత్రం తొమ్మిదో తరగతి అమ్మాయిది (పేరు రాయవద్దని వాళ్ళ అమ్మగారు కోరారు, నాకు మాత్రం రాయాలనే ఉంది). మన ఆవరణలోని చింతచెట్టుకు ఇంక్‌స్కేప్‌లో ఒకే ఒక్క ఆకు గీసి, దానికి వందల క్లోన్లు (అసలు మారితే తామూ మారే నకళ్ళు) తీసింది. మొదటి ఆకు రంగు మార్చగానే చెట్టంతా లేత చిగురైంది. ల్యాబ్‌లో అందరూ లేచి నిలబడి చూశారు, నేనూ చూశాను. ప్రెస్ వాళ్ళు తాము వాడే కోరల్‌డ్రా ఫైలే కావాలని పట్టుబడితే, ఎనిమిదో తరగతి కుర్రాడొకడు స్క్రైబస్ నుంచి సీఎంవైకే (అచ్చు సిరా రంగుల) పీడీఎఫ్ తీసిచ్చి ఒప్పించాడు. మొదటి ప్రూఫులో ఆకుపచ్చ కాస్త మసకబారింది, రెండోసారికి కుదిరింది.

ఇక ఇంటి సంగతులు. నీటి పొదుపు పోస్టర్లు ఏడు వచ్చాయి. ఏడింటిలోనూ అదే కుళాయి, అదే విదేశీ పాప. ఇంటర్నెట్ సెంటర్ యజమానికి మార్కులు వేసే ఏర్పాటు మా దగ్గర లేదు. "ఏడు రోజులు ఉచితం" అన్నచోట మీ కార్డు నంబరు మీరే ఇచ్చి, ఎనిమిదో రోజున డబ్బు కట్ అయిందని దయచేసి నాకు ఫోన్ చేయకండి. రాత్రి పదకొండుకు అసలే చేయకండి.

శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ల్యాబ్ తెరిచి ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ కాపీ చేసి ఇస్తాం. పెన్ డ్రైవ్ తెచ్చుకోండి, ఖాళీది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు