కోతలకు ముందే ఇంజన్ ఆయిల్ చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

యాసంగి వరికోతలు దగ్గరపడుతున్నందున మా నర్సంపేట ప్రాంతంలో హార్వెస్టర్ల యజమానులు బెల్టులు, బ్లేడ్లు, గొలుసులు సరిచూసుకుంటున్నారు కానీ, ఇంజన్‌లో పోసే ఆయిల్ సంగతిని మాత్రం దుకాణదారుకో డ్రైవరుకో వదిలేస్తున్నారు. నిరుడు నేనూ అలాగే వదిలేసి నష్టపోయాను.

కోతల నడుమ ఆయిల్ తగ్గిందని మా డ్రైవరు ఒక దుకాణంలో డ్రమ్ములోంచి కొలిచి ఇచ్చిన విడి ఆయిల్ తెచ్చి పోశాడు. చౌకగా వచ్చిందని నేనూ అడ్డుచెప్పలేదు. పది రోజులు తిరగకముందే సైలెన్సర్ నుంచి నీలిపొగ మొదలైంది. ఇంజన్ విప్పితే పిస్టన్ కదిలే గొట్టాల్లాంటి లైనర్ల మీద గోటికి తగిలేంత గీతలున్నాయి, పిస్టన్ రింగులు మసిపట్టి బిగుసుకుపోయాయి. ఆయిల్ మార్చాల్సిన గంటలు ఎప్పుడో దాటిపోవడం కూడా ఇందుకు తోడైందని మెకానిక్ చెప్పాడు.

ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 అని ఉండేది చిక్కదనం గుర్తు. మొదటి అంకె చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసేటప్పటి గుణాన్ని, 40 అన్నది వేడెక్కిన తర్వాతి చిక్కదనాన్ని తెలుపుతాయి. మనవాళ్లు ఈ అంకెల దగ్గరే వాదించుకుంటారు గానీ, మన ఎండలకు ఈ రెండింటి మధ్య తేడా తక్కువ. అంతకంటే ముఖ్యంగా చూడవలసింది ఆయిల్ నాణ్యత తరగతిని తెలిపే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు. అందులో 'సి'తో మొదలయ్యేది డీజిల్ ఇంజన్లకు, 'ఎస్'తో మొదలయ్యేది పెట్రోల్ ఇంజన్లకు. సీఎఫ్-4 పాత తరానిది. సీఐ-4 2002లో, సీకే-4 2016లో వచ్చాయి. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి పంపే పరికరం) ఉన్న ఇంజన్‌కు మాన్యువల్ సీఐ-4 అడిగితే, లీటరుకు కొంత మిగులుతుందని పాత రకం పోయడం తగదు. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి పొగ నిబంధనలు కఠినమయ్యాయి. వాటిలో పొగగొట్టానికి మసి ఫిల్టర్ ఉన్నవాటికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయాలి.

కొత్త ఆయిల్ నాలుగు రోజులకే నల్లబడితే నాసిరకమని కొందరు అనుమానిస్తారు. మసిని ఇంజన్ లోపల పేరుకోనీయకుండా తనలో కలుపుకోవడం వల్లనే అది నల్లబడుతుంది. గేజి కడ్డీకి అంటిన ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే మాత్రం నీళ్లు కలిసినట్టే, బండిని వెంటనే ఆపాలి.

ఆయిల్ మార్పును నెలలతో కాక గంటల మీటరుతో లెక్కించాలి. మాన్యువల్ 250 గంటలని చెప్పినప్పుడు, రోజుకు పద్నాలుగు గంటలు కోసే మిషన్‌కు ఆ గడువు పద్దెనిమిది రోజుల్లోనే తీరుతుంది, అంటే సీజన్ మధ్యలోనే.

నా బండి మాన్యువల్‌లో ఈ వివరాలన్నీ ఉన్నాయి, కానీ ఇంగ్లిష్‌లో. యంత్రాల కంపెనీలు ఆయిల్ రకాన్ని, మార్చవలసిన గంటలను తెలుగులో ముద్రించి బానెట్ లోపల అతికించాలి. వ్యవసాయ శాఖ కూడా కోతలకు ముందే రైతువేదికల్లో అనుభవమున్న మెకానిక్‌లతో డ్రైవర్లకు ఒక పూట శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను.

– ఒక రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా